ముందు నెట్ తీసేయండి

బ్యాడ్మింటన్ మాస్టారికి ఈ లోకంలో రెండే రెండు బాధలు. ఒకటి, వయసులో ఉండగా ఒక ఫైనల్లో తాను కొట్టిన స్మాష్‌ను ఇంట్లో ఎవరూ నమ్మకపోవడం. రెండోది, నమ్మించడానికి చేతిలో చిన్న ఫొటో ముక్కైనా లేకపోవడం.

ఆ స్మాష్ సంగతి ఆయన గడప తొక్కిన ప్రతివాళ్ళూ విన్నదే. ఆఖరి పాయింటు. షటిల్ పైకి లేచింది. మాస్టారు గాల్లోకి ఎగిరి ఒక్కటిచ్చారు. షటిల్ వెళ్ళి అవతలివాడి చేతికి తగిలి, అక్కణ్ణుంచి ఎగిరి, తిన్నగా అతని చొక్కా జేబులో పడింది. "జేబులోనే!" అంటూ మాస్టారు ఇక్కడ తన జేబు తట్టి చూపించేవారు. ఆయన భార్య వింటూనే, "ఇంకా నయం, పడ్డాక గుండీ కూడా పెట్టుకుందనలేదు" అనేది.

పాపం, మాస్టారు ఆ ఆదివారం మధ్యాహ్నం చేసిన పనికి మూలం ఆ గుండీ మాటే.

ఇంటి వెనక రేకుల కప్పు వేసిన పెద్ద హాలు ఆయనది. రెండు కోర్టులు, గోడవారగా బెంచీ, దాని కింద ఈకలూడిన షటిళ్ళు నిండిన బుట్ట, మూలన గాజు తలుపున్న ఆఫీసు గది. ఆ గదిలో కంప్యూటరు. ఎవరు ఏ వేళకు కోర్టు అడిగారో అందులో రాసుకోవడం, పిల్లల తల్లిదండ్రులకు మెయిళ్ళు పంపడం, అంతవరకే మాస్టారికి దానితో పని. భోజనమయ్యాక కునుకు తీయడానికి ఆ గదిలోకి వెళ్ళినాయన, కునుకు రాక, 'పాత బ్యాడ్మింటన్ ఫైనల్స్' అని కొట్టి వెతికారు. వెతికితే దొరికింది. 'ఎక్కడా దొరకని అరుదైన పాత ఫైనల్స్ వీడియోలు, పూర్తిగా ఉచితం' అని ఒక పేజీ పళ్ళికిలించింది.

ఊరికే వచ్చేదాన్ని చూసి ఉలిక్కిపడాలని మన పెద్దలు చెప్పనే చెప్పారు. ఆ పెద్దల మాట మాస్టారు తన దగ్గర నేర్చుకునేవాళ్ళకు వారం వారం చెబుతారు కూడా. కానీ గుండె కొట్టుకుంటుంటే చెవులు వినవు కదా! ఆయన వీడియో మీద నొక్కారు. 'ఇది చూడాలంటే మా ప్లేయరు ఎక్కించుకోండి' అంది. సరే అన్నారు. అంతలో తెర మూల నుంచి యాంటీవైరస్ ఎర్రటి పెట్టెతో లేచి, ఇది ప్రమాదం, వద్దు అని గోల పెట్టింది. పేజీ ఎంత జాణ అంటే, దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకుంది. 'మీ యాంటీవైరస్ పొరపాటున అడ్డుపడవచ్చు, కాసేపు ఆపేయండి' అని. లైన్ జడ్జి అవుటని చెయ్యి చాపినా అంపైరు కాదనొచ్చు. మాస్టారు ఇరవయ్యేళ్ళుగా అంపైరు. ఆయన లైన్ జడ్జిని కాదన్నారు. ఆ తర్వాత కంప్యూటరు చివరిసారిగా, దీన్ని మార్పులు చేయనివ్వమంటారా అని మర్యాదగా అడిగింది. చేయనివ్వమన్నారు. దొంగను పిలిచి, తాళాలిచ్చి, ఏ గదిలో ఏముందో చూపించి మరీ కూర్చోబెట్టినట్టయింది.

పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకింది. తర్వాత 'ఫైలు పాడైంది' అని వచ్చి ఊరుకుంది. వీడియో లేదు, ప్లేయరూ లేదు. మాస్టారు నిట్టూర్చి, పోతే పోనీలే అనుకుని, కుర్చీలోనే గుర్రుపెట్టారు.

లేచేసరికి కంప్యూటరు ఊగిపోతోంది. లోపలి ఫ్యాను విమానంలా రొద చేస్తోంది. అడగని పేజీలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుంటున్నాయి. అన్నిటికంటే ఘోరం, మౌసు మీద చెయ్యి పెట్టకుండానే తెర మీద బాణం తన మానాన తాను తిరుగుతోంది. పైనున్న కెమెరా పక్కన చిన్న దీపం వెలిగింది. మాస్టారు గబుక్కున బనీను సర్దుకుని, ఎవరిదో తెలియని ఆ కంటికి ఒక నమస్కారం పెట్టారు. వెంటనే ఫోనందుకుని కోడలికి చేశారు.

కోడలు ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ల బాగోగులు చూస్తుంది. ఆ వేళ ఆదివారం డ్యూటీలో ఉంది. మామగారి మాట సగం వినగానే విషయం పట్టేసింది.

"మావయ్యగారూ, ఇంకేమీ ముట్టుకోకండి. ముందు నెట్ తీసేయండి!"

"నెట్టా?"

"అవును, నెట్టే! అది ఉన్నంతసేపూ వాడు అవతల్నుంచి ఆడిస్తూనే ఉంటాడు. తర్వాత చెబుతాను, ముందు తీసేయండి!"

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. మాస్టారి భాషలో ఇంటర్నెట్ పేరు 'లైను'. లైను వచ్చిందా, లైను పోయిందా అంటారే తప్ప, ఇంకో మాట ఎరగరు. ఆయన బతుకులో నెట్ ఒక్కటే. అది కోర్టు మధ్యలో ఉంటుంది. దాన్ని ఎందుకు తీయాలని ఆయనకు అనుమానం రాలేదా అంటే, రాలేదు. కోచ్ అరిచి చెప్పినప్పుడు ఎందుకని అడిగేవాడు ఆటగాడే కాదని కొన్ని వందలమందికి నేర్పిన మనిషి. ఆపదలో కోడలే కోచ్. మాస్టారు చెవిలో ఫోను ఇరికించుకుని కోర్టులోకి పరుగెత్తారు.

కోర్టులో ఆయన భార్యకూ, వియ్యపురాలికీ భీకరమైన మ్యాచ్ నడుస్తోంది. వియ్యపురాళ్ళంటే ఒకరికొకరు బొట్టు పెట్టుకుని చీరలు పొగుడుకునే రకమనుకునేరు! వీళ్ళిద్దరూ నడుము బిగించి, గీత మీద పడిందా బయట పడిందా అని హాలు కప్పు ఎగిరిపోయేలా వాదించుకుంటారు. మాస్టారి భార్య సరిగ్గా అప్పుడే గేమ్ పాయింటు మీదికి వచ్చింది. సర్వీసు కోసం చెయ్యి ఎత్తింది. ఎదురుగా నెట్ వాలిపోయింది.

"ఏమండీ! గేమ్ పాయింటండీ!"

"ప్రాణాపాయమే! తప్పుకో!"

ఫోన్లో కోడలు, "తీశారా మావయ్యగారూ?"

"ఒక కొస ఊడదీశానమ్మా, రెండోది ముడి పడిపోయింది!"

"రెండు కొసలు ఎందుకండీ? ఒక్క వైరేగా!"

"వైరు కాదమ్మా, తాడు. పైన తెల్లపట్టీలోంచి పోతోంది చూడూ, అది!"

"మావయ్యగారూ," అంది కోడలు మెల్లగా, "మీరిప్పుడు ఎక్కడున్నారు?"

వియ్యపురాలు కోర్టు మధ్యలో చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఓడిపోయే గేమ్ ఆగిపోయిందన్న సంతోషం అందులో సగం ఉంది. మాస్టారి భార్య మాత్రం నవ్వలేదు. నెట్ కప్పుకున్న మొగుణ్ణి ఎగాదిగా చూసి, ఆఫీసు గదిలోకి నడిచి, కంప్యూటరు వెనక దూర్చి ఉన్న లైను వైరు ఒక్క లాగు లాగింది. తెర మీద బాణం ఠక్కున ఆగిపోయింది.

డ్యూటీ దిగిన కోడలు స్కూటరు మీద రివ్వున వచ్చేసరికి మాస్టారు తేలు కుట్టిన దొంగలా మూల బెంచీ మీద ఉన్నారు. చేతిలో రాకెట్టు. ఆయన కష్టమొచ్చినా సుఖమొచ్చినా రాకెట్టు కింద పెట్టరు. కోడలు తిన్నగా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. తిట్టకపోవడమే మాస్టారికి ఎక్కువ బాధైంది.

"నేను ఎక్కించింది వీడియో ప్లేయరేనమ్మా. వైరస్ అని పైన రాసుంటే ఎక్కిస్తానా?"

"రాసుండదు మావయ్యగారూ. దీన్ని ట్రోజన్ అంటారు. గోముఖ వ్యాఘ్రం. మిగతావి గోడ దూకి వస్తాయి, ఇది మనకు కావలసినదాని వేషం వేసుకుని వచ్చి, మన చేతే తలుపు తీయిస్తుంది. మీ మనసులో ఏముందో అదే పట్టుకొచ్చింది చూడండి."

కంప్యూటరును ఆపి, సేఫ్ మోడ్‌లో లేపింది. "ఇది పొద్దున కంప్యూటరు లేవగానే తానూ లేచి కూర్చునేలా చోటు చూసుకుంటుంది. సేఫ్ మోడ్ అంటే, ఇంటివాళ్ళను తప్ప ఎవర్నీ లేవనివ్వకపోవడం. నిద్రలో ఉండగానే పట్టుకోవాలి." ఆసుపత్రి నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, అందులోని స్కానరుకు కంప్యూటరంతా గాలించమని చెప్పింది. కాసేపట్లోనే ప్లేయరు పేరుతో దాక్కున్నది దొరికింది. స్కానరు దాన్ని కదలకుండా కటకటాల వెనక వేసింది. కోడలు దాన్ని చెరిపేసి, అది లేచి కూర్చునే చోటు కూడా తీసేసి, మళ్ళీ మొదటినుంచీ గాలించమంది.

"దొరికిందిగా, మళ్ళీ ఎందుకే?" అంది మాస్టారి భార్య.

"వంటింట్లో ఒక బొద్దింక కనబడితే ఒక్కటే ఉన్నట్టా అత్తయ్యా? రెండోసారి కూడా ఏమైనా కనబడితే, మొత్తం తుడిచేసి అన్నీ కొత్తగా ఎక్కించుకోవాల్సిందే."

రెండో గాలింపు సాగుతుండగా కోడలు తన ఫోన్లోంచి మామగారి మెయిలు తెరిచి పాస్‌వర్డు మార్చింది. జబ్బుపడ్డ కంప్యూటర్లోంచి పాస్‌వర్డు మారిస్తే కొత్తదీ దొంగకే చెప్పినట్టవుతుందట. మార్చిన చేత్తోనే, పంపిన మెయిళ్ళు ఒకసారి చూసింది. చూసి, కుర్చీలోంచి లేచి నిలబడింది.

మాస్టారు గుర్రుపెడుతున్నంతసేపూ ట్రోజన్ కష్టపడి పనిచేసింది. ఆయన మెయిల్లో ఎంతమంది పేర్లున్నాయో అంతమందికీ ఉత్తరాలు వెళ్ళాయి. 'మీ కోసం ప్రత్యేకంగా పంపుతున్నాను, అరుదైన వీడియో, తప్పక చూడండి' అని. కింద మాస్టారి పేరు. దానికి తగిలించి అదే ప్లేయరు.

ఇక ఆడవాళ్ళు ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకున్నారు. షటిళ్ళు అమ్మేవాడికి చేశారు, రాకెట్లకు తీగలు బిగించేవాడికి చేశారు, నేర్చుకునే పిల్లల తల్లులందరికీ చేశారు. తెరవకండి బాబూ, తెరవకండి అని బతిమాలారు. చిత్రమేమిటంటే, ఒక్కరూ తెరవలేదు.

"మాస్టారు పంపిన వీడియోనా? ఆ జేబు కథేనేమోనని పక్కన పెట్టేశామండీ" అంది ఒక తల్లి. ఇంకొకావిడ చూడగానే చెరిపేసిందట. షటిళ్ళవాడైతే, "ఆయన దగ్గర్నుంచి వచ్చినవి నేను తెరిచి చాన్నాళ్ళయింది మేడం" అన్నాడు. మాస్టారు ఒక్కొక్క జవాబుకూ ఒక్కొక్క అంగుళం చొప్పున బెంచీలోకి కుంగిపోయారు. ఊరందరి కంప్యూటర్లనూ కాపాడింది ఆయన గొప్పలేనని సంతోషించాలో, ఏడవాలో పాలుపోలేదు.

రెండో గాలింపూ ముగిసింది, ఇంకేమీ దొరకలేదు. "అందరూ అయినట్టే" అంది భార్య.

"నాన్న?" అంది కోడలు.

మూడు ఫోన్లూ ఒకేసారి కిందికి దిగాయి.

కోడలి తండ్రిని అందరూ గళ్ళాయన అంటారు. ఒక వారపత్రికకు గళ్ళనుడికట్టు కూర్చడమే ఆయన జీవితం. అడ్డం, నిలువు, నల్లగడి, తెల్లగడి. ముప్ఫయ్యేళ్ళు కూర్చినవన్నీ ఏరి, దిద్ది, పుస్తకంగా చేసి, మర్నాడే అచ్చుకు ఇవ్వబోతున్నారు. ఆ పుస్తకం ఆయన కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకో కాపీ పెట్టుకోండి నాన్నా అని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంటే, "జవాబులు రెండు చోట్ల ఉంటే బయటికి పొక్కుతాయమ్మా" అనేవారు.

ఇంకా ఒక ప్రమాదం ఉంది. మాస్టారూ గళ్ళాయనా వియ్యమందినప్పటినుంచీ ఇద్దరిదీ మర్యాదల పోటీ. గుమ్మం దగ్గర, మీరు ముందంటే మీరు ముందని నిలబడి, టీ చల్లారబెట్టుకునే రకాలు. వియ్యంకుడు పంపినదాన్ని తెరవకుండా వదిలేయడమంటే, గళ్ళాయన దృష్టిలో, పెళ్ళిపందిట్లోంచి లేచి వెళ్ళిపోవడం లాంటిది. ఊళ్ళో అందరూ మాస్టారి మెయిలు పక్కన పడేసినా, ఆయన ఒక్కరు మాత్రం తెరుస్తారు.

"ఫోన్ చెయ్యండి!" అన్నారు మాస్టారు.

"ఏం లాభం?" అంది వియ్యపురాలు. నవ్వు ఎప్పుడో ఎగిరిపోయింది. "గళ్ళు వేసే రోజున ఆయన ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత పెడతారు అన్నయ్యగారూ. ఆ పుస్తకానికి ఏమైనా అయితే ఆ మనిషి బతకరు."

కోడలు స్కూటరు తాళం కోసం సంచీ వెతికేలోపే మాస్టారు వీధిలో ఉన్నారు. వియ్యంకుడి ఇల్లు వెనక వీధిలోనే. నిక్కరుతో, చేతిలో రాకెట్టుతో, జేబులో షటిల్‌తో, ఆ వయసులో ఆ పరుగు చూసి ఇస్త్రీ కొట్టువాడు పెట్టె చొక్కా మీదే మరిచిపోయాడు. నన్ను నమ్మి తెరిచేవాడు ఒక్కడే, వాడి కొంపే ముంచుతున్నానా అని మాస్టారు తనను తానే తిట్టుకున్నారు. దేవుడా, నన్నెవరూ నమ్మకపోయినా ఫరవాలేదు, ఆయన కూడా ఈ ఒక్కసారికి నమ్మకుండా ఉంటే చాలు అని మొక్కుకున్నారు.

గళ్ళాయన ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. ముందుగదంతా నిఘంటువుల గుట్టలు. వాటి మధ్య పిల్లి నడిచేంత దారి. ఆ చివర, కిటికీ పక్కన, బల్ల ముందు గళ్ళాయన గుమ్మానికి పక్కగా, తెర వంకే చూస్తూ కూర్చుని ఉన్నారు. పొందిగ్గా ఇస్త్రీ చొక్కా, జేబులో కలాలు, చెవులకు కూతురిచ్చిన పెద్ద హెడ్‌ఫోన్లు. వియ్యంకుడి వీడియోలో ఒక్క మాట కూడా పోకూడదు కదా! పక్కన రెండు టీ కప్పులు మీగడ కట్టి ఉన్నాయి.

"బావగారూ! తెరవకండి!"

వినబడలేదు. మాస్టారు ముందుకు దూకారు. మోకాలు తగిలి గుట్ట ఒకటి కూలి ఉన్న దారి కాస్తా మూసుకుపోయింది. గళ్ళాయన మౌసు ఒకసారి నొక్కారు. ఫైలు నీలంగా మారింది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కడం ఆయన వేలికి ఎప్పుడూ ఓ పట్టాన లొంగదు. చొక్కా సర్దుకుని, ఊపిరి పీల్చుకుని, ఈసారి గట్టిగా నొక్కుదామని వేలు పైకెత్తారు.

మాస్టారు ఆలోచించలేదు. చెయ్యి జేబులోకి వెళ్ళింది, షటిల్ పైకి లేచింది, మాస్టారూ లేచారు. నేల విడిచి, నిఘంటువుల మీదుగా, తన ఆయుష్షులో ఉన్న బలమంతా మణికట్టులోకి తెచ్చుకుని ఒక్కటిచ్చారు.

ఠాప్!

గళ్ళాయన చెయ్యి ఎగిరిపడింది. మౌసు బల్ల అంచు దాటి వైరుకు వేలాడింది. మాస్టారు నిఘంటువుల మీద బోర్లాపడ్డారు. గుమ్మంలో అప్పుడే వచ్చి ఆగిన ముగ్గురు ఆడవాళ్ళూ నోరు తెరిచారు.

గళ్ళాయన తాపీగా హెడ్‌ఫోన్లు తీసి, ఇటు తిరిగి, చెయ్యి ఊదుకుంటూ, "బావగారూ, తలుపు తడితే సరిపోయేది కదండీ" అన్నారు.

మాస్టారు పడ్డచోటే కూర్చుని అంతా చెప్పేశారు. వీడియో ఆశ, యాంటీవైరస్‌ను ఆపడం, నెట్ ఊడదీయడం, ఒక్కటీ దాచలేదు. "మీ పుస్తకం పోయుంటే నేనేం మొహం పెట్టుకుని ఈ గడప తొక్కేవాణ్ణి బావగారూ?"

"మెయిలు మధ్యాహ్నమే వచ్చింది. మీరు ప్రత్యేకంగా పంపినది నేనొక్కణ్ణే చూడ్డం ఏం బాగుంటుందని, మీరొస్తారేమోనని ఇంతసేపూ ఆగాను. టీ కూడా పెట్టి ఉంచాను. ఇంకా ఆలస్యం చేస్తే, చూడలేదని మీరు నొచ్చుకుంటారని ఇప్పుడే..."

కోడలు తండ్రి మెయిలు చెరిపేసింది, అది కిందికి దించిన ఫైలు చెరిపేసింది, ఏదీ తెరుచుకోలేదని గాలించి రూఢి చేసుకుంది. తర్వాత ఆయన్ను అడక్కుండానే పుస్తకమంతా ఒక చిన్న డ్రైవ్‌లోకి ఎక్కించి, వైరు పీకి, సంచీలో వేసుకుంది.

"జవాబులూ..." అన్నారు గళ్ళాయన బలహీనంగా.

"నాకు మీ ఆధారాలే అర్థం కావు నాన్నా, జవాబులు ఏం చేసుకోను?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. గళ్ళాయన మొహం మాత్రం ఏదో ఆధారం తట్టినప్పుడు వెలిగినట్టు వెలిగింది. "వేషం వేసుకుని వచ్చి తలుపు తీయించేది, మూడక్షరాలు... ఆగండాగండి, రాసుకోనివ్వండి" అంటూ కలం కోసం జేబులో చెయ్యి పెట్టారు. కలం రాలేదు. తెల్లటి ఈకలు వచ్చాయి. కలాల మధ్య నుంచి ఆయన మెల్లగా షటిల్ బయటికి లాగి, ఇదెక్కడిదన్నట్టు చూశారు.

మాస్టారి భార్య వచ్చి ఆ షటిల్ చేతిలోకి తీసుకుంది. వియ్యంకుడి ఎర్రబడ్డ చేతిని చూసింది, జేబును చూసింది, చివరికి మొగుణ్ణి చూసింది. ఆ చూపు మాస్టారు పెళ్ళిచూపుల్లో చూసిందే, మళ్ళీ ఇన్నేళ్ళకు.

"ఏమండీ, జేబులోనే పడిందండీ" అంది.

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. లేచి నిలబడి, నిక్కరు దులుపుకుని, ఆశగా అందరి చేతుల్లోని ఫోన్ల వంకా చూశారు. "ఎవరైనా... వీడియో తీశారా?"

ఎవరూ తీయలేదు.

"పోనీలెండి మావయ్యగారూ, మేమందరం కళ్ళారా చూశాం" అంది కోడలు. "కానీ రేపెవరైనా ఈ స్మాష్ వీడియో దొరికిందని పంపితే మాత్రం, మీకు దణ్ణం పెడతాను, తెరవకండి."